ఒకే దీవి, రెండు దేశాలు: చరిత్ర కోసం ఏ నవలలు చదవాలి?

మ్యాప్‌లో క్యూబా పక్కనే ఉన్న హిస్పానియోలా దీవిని జూమ్ చేసి చూడండి. పడమర హైతీ, తూర్పున డొమినికన్ రిపబ్లిక్. దీవి ఒక్కటే, దేశాలు రెండు.

1937 అక్టోబర్‌లో డొమినికన్ నియంత ట్రుహీయో ఆదేశంతో సైనికులు సరిహద్దు ప్రాంతంలో వేలమంది హైతీయన్లను చంపేశారు. 'పెరెహిల్' అనమని అడిగేవారని చెబుతారు. మన కొత్తిమీరలా కనిపించే పార్స్లీకి స్పానిష్ పేరది. అందులో 'ర' వాళ్లలాగా పలకకపోతే హైతీయన్ కిందే లెక్క. ఒక్క అక్షరం మీద ప్రాణం!

ఈ ఊచకోత మీదే ఎడ్విడ్జ్ దాంతికా 1998లో 'ద ఫార్మింగ్ ఆఫ్ బోన్స్' రాశారు. డొమినికన్ ఇంట్లో పనిచేసే హైతీ అమ్మాయి అమాబెల్ కథ ఇది. ఇక 2007లో వచ్చిన జునో డియాజ్ నవల 'ద బ్రీఫ్ వండ్రస్ లైఫ్ ఆఫ్ ఆస్కార్ వావ్'లో అదే ట్రుహీయో ఒక డొమినికన్ కుటుంబాన్ని నాశనం చేస్తాడు. రెండూ చదివితే ఒకటి అర్థమవుతుంది: పొరుగువాళ్లను శత్రువులని చూపించినవాడు సొంతవాళ్లనీ వదల్లేదు.

పాత కథే కదా అంటారా? 2013లో డొమినికన్ రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో, అక్కడే పుట్టిన ఎంతోమంది హైతీ మూలాలవాళ్ల పౌరసత్వం ప్రమాదంలో పడింది. హైతీలో పుట్టిన దాంతికా, డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన డియాజ్, ఇద్దరూ చిన్నప్పుడే అమెరికా వెళ్లినవాళ్లు. ఆ తీర్పును ఇద్దరూ కలిసి వ్యతిరేకించారు.

ముందు దాంతికా నవల చదవండి, తర్వాత డియాజ్‌ది. ఒక్కదానితో ఆపితే సగం చరిత్రే తెలుస్తుంది.