ద్వీపాంతర శిక్ష నుంచి లోక్‌సభ దాకా: గాం మల్లుదొర జీవితం రికార్డుల్లో ఎక్కడెక్కడ దొరుకుతుంది?

1956 జనవరి 1న భారత శిక్షాస్మృతి నుంచి ఒక శిక్ష పేరు కనుమరుగైంది. 'ద్వీపాంతరవాసం' అని ఉన్నచోట 'యావజ్జీవ కారాగారం' వచ్చి చేరింది. ఇందుకోసం 1955లో చట్టాన్ని సవరించింది తొలి పార్లమెంటు. అప్పటి లోక్‌సభలో విశాఖపట్నం ప్రతినిధి గాం మల్లుదొర. మూడు దశాబ్దాల ముందు బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ఖరారు చేసిన శిక్ష కూడా అదే.

ఎవరీ మల్లుదొర?

మన్యంలోని బట్టిపనుకుల గ్రామానికి చెందిన గాం సోదరుల్లో ఆయన ఒకరు. అన్నదమ్ములిద్దరూ అల్లూరి సీతారామరాజుకు ముఖ్య అనుచరులు. గ్రామ మునసబుగా ఉన్న గంటందొర, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌తో గొడవ పడి ఉద్యోగం పోగొట్టుకున్నారు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేస్తున్న రోడ్డు పనుల్లో గిరిజన కూలీలకు సరిగా కూలి ఇవ్వకపోవడం అప్పట్లో పెద్ద రగడ.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషన్‌పై దాడితో తిరుగుబాటు మొదలైంది. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డారు. ముందు ఉరిశిక్ష పడింది, తర్వాత దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చారు. 1924 మేలో సీతారామరాజును, జూన్‌లో గంటందొరను చంపేశారు. విడుదలై వచ్చిన మల్లుదొర 1952 ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. ఇద్దరు సభ్యులుండే ఆ నియోజకవర్గం నుంచి గెలిచిన మరో ఎంపీ లంకా సుందరం.

శిక్ష పేరు వేరు, జైలు వేరు

బ్రిటన్ తన ఖైదీలను 1788 నుంచి 1868 వరకు ఆస్ట్రేలియాకు పంపింది. సుమారు 1,62,000 మందిని అలా తరలించారు. భారతీయ ఖైదీలను మొదట బెంకూలెన్, పెనాంగ్, సింగపూర్ వంటి చోట్లకు, 1858 నుంచి అండమాన్‌కు పంపారు.

అయితే తీర్పులో 'ద్వీపాంతరం' అని ఉన్నంత మాత్రాన ఆ ఖైదీ సముద్రం దాటాడని చెప్పలేం. 1921లో ప్రభుత్వం అండమాన్‌కు ఖైదీలను పంపే విధానాన్ని తగ్గించుకోవాలని నిర్ణయించింది. ఆ తర్వాత ఈ శిక్ష పడిన చాలామంది ప్రధాన భూభాగంలోని జైళ్లలోనే ఉన్నారు. అందుకే తీర్పు ఒక్కటే చదివితే సరిపోదు. జైలు రిజిస్టర్లు, బదిలీ ఉత్తర్వులు, విడుదల ఫైళ్లు కూడా చూడాలి.

పేరుతోనే చిక్కు

లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో 1674 నుంచి 1913 వరకు జరిగిన విచారణలను ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వెతకవచ్చు. డిజిటల్ పనాప్టికాన్ అనే ప్రాజెక్టు ఆ కోర్టులో శిక్షపడిన దాదాపు 90 వేల మంది జీవితాలను వివిధ రికార్డులతో జోడించింది. ఆస్ట్రేలియా చేరిన బ్రిటిష్ ఖైదీ ఎత్తు, కళ్ల రంగు, ఒంటి మీది మచ్చలు కూడా అక్కడి రిజిస్టర్లలో కనిపిస్తాయి.

మన్యం ఖైదీ విషయంలో పేరు దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. దొర, పడాల్ వంటివి హోదాను, వంశాన్ని సూచించే మాటలు. ఒకే పేరు పలువురికి ఉంటుంది. విన్నది విన్నట్టు ఇంగ్లిష్‌లో రాసుకున్న గుమాస్తా చేతిలో ఒక్కో ఫైలులో ఒక్కో స్పెల్లింగ్ పడుతుంది. కాబట్టి తండ్రి పేరు, ఊరు, ముఠా, పట్టుబడిన తేదీ, ఈ నాలుగూ సరిపోలితేనే ఇద్దరూ ఒకరేనని నిర్ధారించుకోవాలి. పోలీసులు వాడిన మాటలనూ జాగ్రత్తగా చదవాలి. వాళ్లు 'ముఠా దోపిడీ' అని రాసినదాన్నే ఊళ్లో 'పితూరి' అని చెప్పుకొని ఉండొచ్చు.

ఏ ఫైలు ఎక్కడ?

ఖైదీది ఏ ఊరు అన్నదానికన్నా, అప్పట్లో ఆ ఊరు ఏ ప్రెసిడెన్సీ కింద ఉండేదన్నదే ఇక్కడ ముఖ్యం. ఉదాహరణకు జంషెడ్‌పూర్‌ను తీసుకుంటే, ఆ నగరం ఉన్న సింగ్‌భూమ్ ప్రాంతం 1912 వరకు బెంగాల్ పాలనలో, తర్వాత బిహార్‌లో, 2000 నుంచి ఝార్ఖండ్‌లో ఉంది. అక్కడి ఆదివాసీ కుటుంబం తమ పూర్వీకుల కోసం కోల్‌కతా, పట్నా ఆర్కైవ్స్‌కు వెళ్లాల్సి రావచ్చు. అదే వీధిలో ఉంటున్న తెలుగు కుటుంబానిది వేరే దారి. ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లినవారికి తాతముత్తాతల ఫైళ్లు మద్రాస్ ప్రెసిడెన్సీ రికార్డులు ఉన్న చెన్నైలో ఉండొచ్చు. దిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఇద్దరికీ అవసరమే.

ఇప్పుడెందుకు?

అండమాన్ రాజకీయ ఖైదీలకు కేంద్రం 1969లో పింఛను పథకం తెచ్చింది. 1972లో దాన్ని ఇతర స్వాతంత్ర్య సమరయోధులకూ విస్తరించింది. అర్హతకు ప్రధాన ఆధారం జైలు రికార్డు. ఒకప్పుడు మనిషిని నేరస్థుడిగా ముద్ర వేసిన కాగితమే అతడు దేశం కోసం పోరాడాడని చెప్పే సాక్ష్యమైంది. ఆ కాగితం దొరకనివారికి గౌరవం దొరకడమూ కష్టమైంది.

మల్లుదొర పేరు కోర్టు ఫైళ్లతో ఆగిపోలేదు, లోక్‌సభ సభ్యుల జాబితాకూ ఎక్కింది. ఆయనతో పాటు శిక్షపడిన చాలామందికి ఆ రెండో జాబితా లేదు. వాళ్ల కోసం వెతకాల్సింది ఇంకా పోలీసు, జైలు ఫైళ్లలోనే.