గాలమేసే ముందు గాలి చూడాలి!

పేరుకే సరస్సు. ఒడ్డున నిలబడి చూస్తే అచ్చం సముద్రమే... అవతలి గట్టు కనపడదు, అలలు ఇసుకను కొడుతూనే ఉంటాయి. తక్కువైంది ఉప్పు ఒక్కటే! అమెరికాలోని మిషిగన్ సరస్సు పొడవు సుమారు 490 కిలోమీటర్లు, బాగా వెడల్పైన చోట 190. ఎక్కువ లోతున్న చోట 281 మీటర్లు. ఇన్ని నీళ్లలో సాల్మన్, ట్రౌట్ చేపల్ని వెతికి పట్టడానికి వసంతం మొదలు ఆకురాలు కాలం దాకా పడవలు బారులు తీరుతుంటాయి. షికాగో, మిల్వాకీ నగరాల్లో ఉంటున్న మనవాళ్లకైతే గడప ముందున్న వేడుకే.

కానీ చెరువు గట్టున కూర్చుని బెండు మునిగేదాకా కాచుకునే పద్ధతి ఇక్కడ సాగదు. చేప ఎక్కడుందో కనుక్కోవడమే సగం పని. మిగతా సగం... క్షేమంగా ఒడ్డుకు రావడం.

పులస చుట్టాన్ని తినడానికొచ్చి...

నిజానికి సాల్మన్ ఈ సరస్సు చేప కాదు. ఇక్కడ పుట్టి పెరిగిన దొర లేక్ ట్రౌట్. ఓడల కోసం తవ్విన కాలువ దారిన సీ లాంప్రే అనే పాములాంటి జీవి లోపలికి చేరి, ట్రౌట్ ఒంటికి అతుక్కుని రక్తం పీల్చేసింది. 1950ల నాటికి మిషిగన్ సరస్సులో ఆ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వేటాడే పెద్ద చేప లేకపోయేసరికి, అట్లాంటిక్ నుంచి వచ్చిన ఎల్‌వైఫ్ అనే చిన్న చేప ఇబ్బడిముబ్బడిగా పెరిగింది. వెండిరంగు పొలుసులతో ఉండే ఈ చేప మన గోదావరి పులసకు దూరపు చుట్టం. రుచిలో మాత్రం ఆ పోలిక లేదు! 1967 వేసవిలో ఇవి గుట్టలు గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చి, షికాగో తీరమంతా కంపు కొట్టింది.

మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖలో 1964లో బాధ్యతలు చేపట్టిన హోవర్డ్ టానర్ ఆలోచన వేరు. ఎల్‌వైఫ్‌ని తినిపెట్టే చేపను తెచ్చి వదిలితే? ఆరెగాన్ నుంచి కోహో సాల్మన్ గుడ్లు తెప్పించి, పిల్లలు చేసి, 1966 వసంతంలో సరస్సులో కలిసే నదుల్లో వదిలారు. మరుసటి ఏడు చినూక్ సాల్మన్. వాటికి అది పెళ్లి భోజనమే అయింది. ఏడాదిన్నర తిరిగేసరికి కిలోల బరువున్న కోహోలు గాలాలకు చిక్కడం మొదలైంది. జనం వేలంవెర్రిగా ఎగబడ్డారు.

ఆ వెర్రి ఖరీదు వెంటనే తెలిసింది. 1967 సెప్టెంబరు 23, శనివారం. చిన్న పడవలు నీళ్లలోకి వెళ్లొద్దని హెచ్చరిక ఉన్నా, ప్లాట్ నది కలిసే తీరాన వందల పడవలు చేపల వెంట పడ్డాయి. గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పటికి చాలామంది తెచ్చుకున్నవి ఊరి కుంటల్లో తిప్పుకునే పడవలే. చేప సముద్రపుది, నీళ్లు సముద్రమంత... పడవ మాత్రం చెరువుది.

దిగుడుబావి పాఠం

వేసవిలో దిగుడుబావిలో ఈత కొట్టినవాళ్లకు తెలుసు... పైన నీళ్లు గోరువెచ్చగా, కాళ్లాడే లోతులో జివ్వుమనేలా ఉంటాయి. సరస్సులోనూ అంతే. వేడి పొర, చల్లటి పొర కలిసే చోట కొద్ది అడుగుల్లోనే ఉష్ణోగ్రత చటుక్కున పడిపోతుంది. అక్కడే చేపల సంత. కోహో, చినూక్‌లకు 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ నీళ్లు ఇష్టం. లేక్ ట్రౌట్‌కి ఇంకా చలవ కావాలి, అందుకే అడుగున తిరుగుతుంది. స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ మాత్రం నడి సరస్సులోనూ పైపైనే ఈదుతుంది. గాలం తగిలిందంటే గాల్లోకి ఎగిరెగిరి పడుతుంది. బ్రౌన్ ట్రౌట్‌ది ఒడ్డు వారనే కాపురం. కాబట్టి పడవలో ముందు వాడాల్సిన పనిముట్టు గాలం కాదు, థర్మామీటర్!

ఈ పొర ఒకచోట నిలవదు. తూర్పు గట్టున ఉన్న ఊళ్లలో రెండు మూడు రోజులు నేల మీంచి తూర్పుగాలి వీచిందంటే పైనున్న వెచ్చటి నీటిని లోపలికి నెట్టేస్తుంది. అడుగు నుంచి చల్లటి నీళ్లు ఒడ్డు వారకు ఎగదన్నుతాయి, వాటితోపాటు చేపలూ. పడమటిగాలి వీస్తే ఇదంతా తిరగబడుతుంది. నిన్న 40 అడుగుల లోతులో దొరికిన చేప ఇవాళ 90లో ఉండొచ్చు. పాత లెక్క పట్టుకుని కూర్చుంటే ఖాళీ వలే మిగులుతుంది.

ఎరను ఆ లోతుకు దించేది డౌన్‌రిగ్గర్. పడవ వెనక ఒక చిన్న గిలక, దానికి ఉక్కు తీగ, తీగ చివర నాలుగైదు కిలోల ఇనుప లేదా సీసపు గుండు. గాలపు దారాన్ని గుండు దగ్గరున్న క్లిప్పుకు తగిలించి దించుతారు. చేప లాగగానే క్లిప్పు ఊడి, వంగి ఉన్న రాడ్ ఒక్కసారి నిటారుగా లేస్తుంది. ఆ క్షణంలోనే రీల్ గబగబా చుట్టాలి. దారం వదులైతే ముల్లు జారిపోతుంది. బలం కొద్దీ లాగితే దారమే తెగుతుంది. పెద్ద చినూక్ ఒక్క పరుగున వంద గజాల దారం లాక్కుపోగలదు, పోనివ్వాలి. అలిసి పక్కకు వచ్చాక తలవైపు నుంచి వల పట్టాలి. తోకవైపు నుంచి పట్టబోయి చేతిదాకా వచ్చిన చేపను వదులుకునేవాళ్లు ప్రతి పడవలోనూ ఒకరుంటారు!

పడవ వేగం గంటకు మూడు నుంచి అయిదు కిలోమీటర్లు, అంటే మనిషి నడక. లేక్ ట్రౌట్‌కి ఇంకాస్త నెమ్మది. పైన వేగం సరిగ్గా ఉన్నా అడుగున ప్రవాహం ఎదురైతే ఎర పరిగెడుతుంది, వెనకనుంచి తోస్తే చచ్చినట్టు వేలాడుతుంది. అనుభవజ్ఞులు అందుకే తిన్నగా పోరు, పాములా మెలికలు తిరుగుతారు. మలుపులో బయటివైపు ఎర వేగం పుంజుకుంటుంది, లోపలిది మందగిస్తుంది. లోపలివైపు ఎరనే చేప కొరికిందా... ఆ రోజుకి నెమ్మదే మంత్రం.

ఎర అంటే చాలావరకు చెంచాలాంటి రేకు, ఎల్‌వైఫ్ పిల్లలా తళతళలాడుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ ముందుగా ఎరుపు మాయమవుతుంది. తెల్లవారుజామున టార్చి వెలుతురు పట్టి చీకట్లో మెరిసే ఆకుపచ్చ రేకుల్ని దించేది అందుకే. ఈ సరస్సు నీళ్లు మునుపటి కన్నా తేటపడ్డాయి. బయటినుంచి వచ్చిన క్వాగ్గా మసెల్ అనే గుల్ల, నీటిలోని సూక్ష్మజీవుల్ని వడకట్టి తినేస్తోంది. దాంతో ఎల్‌వైఫ్‌కి తిండి కరవు. పక్కనున్న హ్యూరాన్ సరస్సులో 2003-04 ప్రాంతంలో ఎల్‌వైఫ్ కుప్పకూలితే, వెనకే చినూక్ వేట పడిపోయింది. ఆ అనుభవంతోనే మిషిగన్ సరస్సులో 2013లో చినూక్ పిల్లల్ని వదలడం బాగా తగ్గించారు. తినే నోళ్లు తగ్గితే కానీ పళ్లెంలో మెతుకులు మిగలవు మరి!

వెనక్కి తిరగడం తెలియాలి

మొదటిసారి వెళ్లేవాళ్లు సొంత పడవ జోలికి పోకుండా అద్దె పడవ ఎక్కడమే మేలు. కోస్ట్‌గార్డ్ లైసెన్సున్న కెప్టెన్, మామూలుగా ఆరుగురు ప్రయాణికులు. గాలాలు, ఎరలు అన్నీ వాళ్లవే. ఫిషింగ్ లైసెన్సు మాత్రం ఎవరిది వాళ్లు తీసుకోవాలి. ఇల్లినాయ్, ఇండియానా, విస్కాన్సిన్‌లలో సాల్మన్, ట్రౌట్‌ల కోసం విడిగా స్టాంపు కూడా కొనాలి.

సొంత పడవైతే బయల్దేరే ముందు జాతీయ వాతావరణ సంస్థ ఇచ్చే సరస్సు సూచన చదవాల్సిందే. ఊరి సూచన చాలదు. ఇక్కడి అలలు సముద్రపు అలల్లా సాగి రావు, ఒకదాని వెనక ఒకటి దగ్గర దగ్గరగా, నిటారుగా లేస్తాయి. చిన్న పడవ ఒకదాని నుంచి తేరుకునేలోగా రెండోది మీదపడుతుంది. మే నెల ఎండకు మోసపోకూడదు, అప్పటికీ నీళ్లు మంచులా ఉంటాయి. పడినవాళ్లకు మొదటి నిమిషం ఊపిరి అందదు. పది నిమిషాల్లో చేతులు, కాళ్లు మాట వినడం మానేస్తాయి. అప్పుడు లైఫ్‌జాకెట్ తొడుక్కోవడం అయ్యే పని కాదు. సీటు కింద దాచిన జాకెట్ లేనట్టే లెక్క! వీహెచ్ఎఫ్ రేడియో ఉండాలి, ఆపదలో పిలవాల్సింది 16వ ఛానెల్‌లో. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పిపోవాలి. సెల్‌ఫోన్ని నమ్ముకోకూడదు, నడి సరస్సులో సిగ్నల్ ఉండకపోవచ్చు.

ఇక వంటింటి సంగతి. పట్టిన చేపను వెంటనే ఐసులో పెట్టాలి. వసంతంలో దక్షిణ తీరాన దొరికే చిన్న కోహోల కండ నారింజరంగులో, రుచిగా ఉంటుంది. సెప్టెంబరులో గుడ్లు పెట్టడానికి నదీముఖాలకు చేరే చినూక్ తిండి మానేసి, ఒళ్లు నల్లబడి, కండ పాలిపోయి ఉంటుంది. పట్టడానికే తప్ప తినడానికి అంత బాగోదు. పాత పరిశ్రమల కాలుష్యమైన పీసీబీలు ఈ చేపల కొవ్వులో చేరతాయి కనుక, ఏ చేప ఎన్నిసార్లు తినొచ్చో రాష్ట్రాలు సూచనలిస్తాయి. పెద్ద చేపలో ఎక్కువ, చిన్నదానిలో తక్కువ. గర్భిణులు, పిల్లల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. కొవ్వు కారిపోయేలా జల్లెడ మీద కాల్చడం మంచి పద్ధతి. పులుసు పెట్టాలనుకుంటే చర్మం, పొట్ట దగ్గరి కొవ్వు, పక్కల నల్లగా ఉండే చారను ముందే కోసి పారెయ్యాలి. లేదంటే ఆ కొవ్వంతా పులుసులోకే దిగుతుంది.