మజిలీ ముందు, మైలేజీ తర్వాత

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఆంధ్ర తీరం వెంట ఒంటరిగా సైకిల్ తొక్కాలనుకున్నవారు మొట్టమొదట చేసే పని, ఫోన్ తీసి ఆ రెండు ఊళ్ల పేర్లు కొట్టడం. తెర మీద నీలం గీత వస్తుంది. దాదాపు అంతా పదహారో నంబరు జాతీయ రహదారే. పొడవు వెయ్యి కిలోమీటర్ల చిల్లర. వెయ్యిని పదితో భాగిస్తే రోజుకు వంద. ఇంకేం, సెలవు చీటీ రాసేయొచ్చు. చిక్కంతా ఆ భాగహారంలోనే ఉంది. ఒంటరి యాత్రలో రోజుకెంత దూరమన్నది లెక్క చివర తేలాలి. ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: రాత్రి ఎక్కడ పడుకుంటాం, అంతదాకా వెళ్లలేకపోతే మధ్యలో ఎక్కడ ఆగిపోతాం, బండో ఒళ్లో మొరాయిస్తే ఎక్కడ బస్సో రైలో దొరుకుతుంది? ఈ చోట్లు ముందు గుర్తు పెట్టుకుని, వాటిని కలుపుతూ పోతే వచ్చేదే దారి. నీలం గీత కన్నా అది కొంత పొడుగు ఉండొచ్చు, వంకరగానూ ఉండొచ్చు.

పాతకాలం బాటసారులకు ఇది చెప్పక్కర్లేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో ఇల్లు చేరారు. తిరుగు ప్రయాణం కలకత్తా మీదుగా పూరీ, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి. అంటే మనం మాట్లాడుకుంటున్న తీరమే. ఆయన ఎక్కింది పల్లకీ, వెంట నూరుమంది దాకా పరివారం. మన సైకిల్ మనిషితో పోలికే లేదు. అయినా ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ను దారి వేసుకునే కళ్లతో చదివితే, ఆయన దేన్ని పట్టించుకున్నారో తెలుస్తుంది. ఏ ఊళ్లో దిగడానికి వసతి ఉంది, అంగళ్లున్నాయా, నీళ్లెలాంటివి, మధ్యలో ఏరు ఎలా దాటాలి, నేల ఇసుకా రేగడా? మజిలీకీ మజిలీకీ మధ్య దూరం ఆ తర్వాతి సంగతి. రెండు వందల ఏళ్లు కావస్తున్నా, రహదారి పక్కన ఒంటరిగా నిలబడ్డ మనిషికి కావలసినవి ఆ జాబితాలోంచి పెద్దగా మారలేదు.

ఒంటరితనం ఇక్కడ కవిత్వానికి సంబంధించిన విషయం కాదు, పనికి సంబంధించినది. నలుగురు కలిసి వెళ్తే ఒకరు లాడ్జీలో గది అడుగుతుంటే ఇంకొకరు కింద బళ్లు చూస్తారు; ఒకరికి ఎండదెబ్బ తగిలితే మరొకరు తేల్చి చెబుతారు, ‘ఇవాళ్టికి చాలు’ అని. ఒక్కరే వెళ్తే ఈ పనులన్నీ ఒకే తలకాయ మీద పడతాయి. అదీ సాయంత్రం ఐదింటికి, కాళ్లు ఆడనప్పుడు, పొద్దు వాలుతున్నప్పుడు. అలసిన బుర్ర ఎప్పుడూ ఒకటే తప్పు చేస్తుంది: ఇంకో పదిహేను కిలోమీటర్లే కదా అంటుంది. ఇంటి దగ్గర తీరికగా కూర్చుని దారి వేసుకోవడమంటే, ఆ ఐదు గంటల మనిషి చేయాల్సిన నిర్ణయాలను ముందే చేసిపెట్టడం. అందుకే ‘అంతా ఫోన్‌లో ఉంది, అప్పటికప్పుడు చూసుకోవచ్చు’ అనే మాట గుంపుకు చెల్లినంతగా ఒంటరికి చెల్లదు. ఫోన్‌లో సమాచారం ఉంటుంది, నిజమే. దాన్ని నిదానంగా తూచే ఓపిక ఆ గంటకు ఉండదు.

ఇక దూరం దానంతటదే ఎలా తేలుతుందో చూద్దాం. మొదటిది గాలి. మన తీరం ఇచ్ఛాపురం నుంచి కృష్ణ ముఖద్వారం దాకా ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంటుంది. చలికాలపు గాలీ ఎక్కువగా ఈశాన్యం నుంచే. అంటే జనవరిలో ఇచ్ఛాపురం నుంచి కిందికి వస్తే గాలి వీపున ఉంటుంది. తడ నుంచి పైకి వెళ్తే మొహాన కొడుతుంది. మార్చి వచ్చేసరికి దక్షిణపు గాలి తిరిగి లెక్క తారుమారవుతుంది. ఇది చిన్న తేడా కాదు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కేవారికి 10 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే, ఒంటికి తగిలేది 30 కిలోమీటర్ల గాలి. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది రెండుంపావు రెట్లవుతుంది. అదే గాలి వెనక నుంచి వస్తే నిరోధం పావువంతుకు పడిపోతుంది. ఒకే రోడ్డు, ఒకే సైకిల్. దిక్కు మారితే తొమ్మిది రెట్ల తేడా. మరి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూడా ఈశాన్యమేగా అంటారా? అది తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను తాకింది, మిచాంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మిగిలేవి జనవరి, ఫిబ్రవరి.

రెండోది పొద్దు. జనవరిలో ఇక్కడ పగలు పదకొండు గంటల పైన కొద్దిగా ఉంటుంది. అదంతా తొక్కడానికే అనుకుంటే పొరపాటు. చలికాలపు సూర్యుడు నైరుతి వైపు వాలతాడు. మనం వెళ్లేదీ అటే. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ మన కళ్లలో పడటం అటుంచి, వెనక వచ్చే లారీ డ్రైవరు కళ్లలో పడుతుంది. ఆ అద్దం మీద దుమ్ముంటే ముందున్న సైకిల్ ఆయనకు ఒక మరకగా కూడా కనబడకపోవచ్చు. కాబట్టి ఉదయం ఆరున్నరకు ఎక్కి రెండున్నరకు దిగాలి. ఎనిమిది గంటలు. సామాను కట్టిన సైకిల్ మీద ఇడ్లీకీ నీళ్లకీ కొబ్బరిబోండానికీ ఆగుతూ పోతే సగటు వేగం గంటకు 11, 12 దగ్గర ఆడుతుంది. అంటే 90 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. వందకు దగ్గరే కదా అనొచ్చు. కానీ ఇది పైస్థాయి హద్దు. సగటు అనుకుని దీన్ని పదిరోజులకు పరిచేస్తే ఒక్క పంక్చరు, ఒక్క జ్వరం మొత్తం లెక్కను కూలదోస్తాయి.

ఇప్పుడు రోడ్డు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. దేశంలోని రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం చిల్లర. మరణాల్లో వాటి వాటా 36 శాతం. వాటి మీద తిరిగే బళ్లు ఎక్కువ కాబట్టి ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి భయపెట్టడం పూర్తి న్యాయం కాదు. అయినా వేగానికి కట్టిన రోడ్డు మీద అన్నిటికన్నా నెమ్మదైన బండి మనది. పదహారో నంబరు మీద తెల్లగీతకు ఎడమ పక్క నడవడానికి చోటుంటుంది, నిజమే. ఆ చోటులోనే పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నటి ఉక్కు తీగలుంటాయి. వెంట్రుకంత తీగ టైరులో దిగి, గాలి మెల్లగా పోతుంది. వేలితో తడిమితే గాని చిక్కదు. ఫ్లైఓవర్ మొదలయ్యే చోట ఆ పక్క చోటు ఉన్నట్టుండి మాయమై, సైకిల్‌ను లారీల వరసలోకి నెడుతుంది. అక్కడ సర్వీసు రోడ్డులోకి దిగిపోవాలి. ఎక్కడెక్కడ దిగాలో ముందే ఉపగ్రహ చిత్రంలో చూసి పెట్టుకోవడం ఒక సాయంత్రం పని.

ఈ పెద్ద రోడ్డుకు బదులు కత్తిపూడి దగ్గర పక్కకు తిరిగే 216వ నంబరు దారి ఉంది. పిఠాపురం, కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా వచ్చి ఒంగోలు దగ్గర మళ్లీ పెద్ద రోడ్డులో కలుస్తుంది. కొన్ని కిలోమీటర్లకొక ఊరు, ప్రతి ఊళ్లో టీ బంకు, పంక్చరు షాపు, కూర్చోవడానికి రావిచెట్టు అరుగు. ఇదేం స్వర్గం కాదు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. చేపల లారీలు కార్చుకుంటూ పోయిన నీళ్లతో తారు జారుతుంది. కుక్కల సంగతి సరేసరి. పెద్ద రోడ్డును వెనకేసుకొచ్చేవారు ఈ మాటే అంటారు: చిన్న రోడ్డు మీద చిన్న ప్రమాదాలు ఎక్కువ. ఒప్పుకోవాల్సిందే. కాని చిన్న రోడ్డు మీద పడిపోతే ఐదు నిమిషాల్లో నలుగురు పోగవుతారు. ఒంటరికి ఆ నలుగురే రక్షణ వ్యవస్థ. నునుపైన తారు వారికి సాటిరాదు.

డెల్టాలో దారిని నిజంగా శాసించేవి నదులు. గౌతమిని యానాం–ఎదుర్లంక వంతెన మీద, వైనతేయను బోడసకుర్రు దగ్గర, వశిష్ఠను చించినాడ దగ్గర, కృష్ణను పులిగడ్డ–పెనుమూడి దగ్గర దాటాలి. ఆ వంతెనలకు ముందూ వెనకా మీరెన్ని కాలవగట్లయినా పట్టుకుని తిరగొచ్చు. నది దగ్గరికొచ్చేసరికి దారులన్నీ ఒకే చోటికి చేరతాయి. పెనుమూడి వంతెన తప్పితే కృష్ణను దాటడానికి విజయవాడ దాకా వెళ్లాలి. వంతెనలు కాక పంట్లూ ఉన్నాయి: కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి. సైకిల్‌ను పంటు మీద నిలబెట్టి గోదావరి దాటడం ఎంత బాగుంటుందో ఊహించుకోవచ్చు. అయితే వరదొస్తే పంటు ఆగిపోతుంది, చీకటి పడితే కూడా ఆశ పెట్టుకోకూడదు. మ్యాప్ ఈ సంగతులు చెప్పదు. అలాగే కాలవగట్టునూ తారు రోడ్డునూ ఒకేలాంటి గీతతో చూపించే మ్యాపులున్నాయి. వాన పడ్డ మర్నాడు రేగడి గట్టు మీదికి వెళ్తే సైకిల్ మనిషి మీద ఎక్కి ప్రయాణిస్తుంది. రేవు దగ్గర కిళ్లీ కొట్టుకు ఫోన్ చేయించి కనుక్కోవడమే ఇప్పటికీ ఉత్తమమైన సాంకేతికత.

బయటపడే దారి గురించి చాలామంది ఆలోచించరు. అపశకునం అనుకుంటారేమో. పదహారో నంబరుకు సమాంతరంగా హౌరా–చెన్నై రైలు మార్గం ఉంది. డెల్టా అంచున కాకినాడ, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లెలకు రైలు ఉంది. కోనసీమ లోపల మాత్రం లేదు. కోటిపల్లి–నరసాపురం లైను కోసం ఆ ప్రాంతం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూనే ఉంది. కాబట్టి అమలాపురం, రాజోలు మధ్య ఏదైనా జరిగితే ఆర్టీసీ బస్సే గతి. రైలున్న చోట కూడా రెండు నిమిషాలు ఆగే స్టేషన్లో బ్రేక్ వ్యాన్‌లోకి సైకిల్ ఎక్కించడం జరిగే పని కాదు. పెద్ద స్టేషన్ ఎక్కడుందో చూసుకోవాలి.

బండి సంగతీ ఇంతే. పల్లెటూరి షాపులో ఇరవయ్యెనిమిది అంగుళాల టైరు దొరుకుతుంది. అది 635 మిల్లీమీటర్ల రిమ్ముకు సరిపోయేది. ఇప్పుడు నగరాల్లో అమ్మే హైబ్రిడ్, రోడ్ బైకుల 700సీ రిమ్ము 622. తేడా పదమూడు మిల్లీమీటర్లు; ఎంత లాగినా కూర్చోదు. కాబట్టి విశాఖ, కాకినాడ, విజయవాడల్లాంటి ఊళ్లను మజిలీలుగానే కాక విడిభాగాల రేవులుగా కూడా గుర్తు పెట్టుకోవాలి, లేదా ఆ టైరును మడిచి వెంట తీసుకెళ్లాలి. ప్రణాళిక స్వేచ్ఛను చంపేస్తుందనే వారికి డెర్వ్లా మర్ఫీని చూపించాలి. 1963 జనవరిలో ఐరోపా గడ్డకట్టిన చలిలో డన్‌కర్క్ నుంచి సైకిల్ ఎక్కి ఒంటరిగా ఇండియా చేరిన ఐరిష్ మహిళ. అంత స్వేచ్ఛాజీవి కూడా ఆసియా రోడ్లకు తట్టుకోవని ముందే గేర్లు తీయించేసింది, దారిలోని మజిలీలకు టైర్లు ముందుగా పంపించుకుంది. తేదీ విషయంలోనూ అంత ముందుచూపు చూపించి ఉంటే ఆ చలి తప్పేది కదా అనిపిస్తుంది. కానీ ఆ చలే లేకపోతే ఆ యాత్ర మీద ఆమె రాసిన పుస్తకానికి అంత పదును వచ్చేదా అన్నది వేరే ప్రశ్న.

గది దొరకడం మరో చిక్కుముడి. చిన్న ఊళ్ల లాడ్జీల్లో ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వడానికి జంకుతారు, ఏదైనా అఘాయిత్యం జరిగితే పోలీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందని. కొన్ని దేవస్థానం సత్రాల్లోనూ కుటుంబాలకే గదులు. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తే ఈ జల్లెడ ఇంకా సన్నం. పురుషుడి మ్యాప్ మీద ఇరవై మజిలీలు ఉంటే స్త్రీ మ్యాప్ మీద ఎనిమిదే మిగలొచ్చు. అప్పుడు దూరాలు మారతాయి, దారే మారిపోతుంది. ముందురోజు ఫోన్ చేసి ‘ఒక్కరమే, సైకిల్ లోపల పెట్టుకోవాలి’ అని చెప్పి అడగడం మంచిది. ఇంకో మాట. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల గది కోసం వెతకడం దండగ. కోడిపందేల పుణ్యమా అని నెలల ముందే నిండిపోతాయి. డెల్టాను పండగకు ముందైనా దాటాలి, వెళ్లాకైనా చేరాలి.

గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆడాక్స్ పద్ధతి బ్రెవేల్లో, అంటే గడువు పెట్టి నడిపే దూరపు సైకిల్ యాత్రల్లో, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు నలభై గంటల్లో పూర్తిచేసేవాళ్లు మన నగరాల్లో ఎందరో ఉన్నారు. వాళ్లకు 90 కిలోమీటర్లు నవ్వులాట అంటారు. నిజమే, ఒళ్లు చేయగలదు. కానీ ఆ బ్రెవేల రూపాన్ని గమనించండి. దారి పొడుగునా నిర్ణీత కంట్రోల్ పాయింట్లు, ప్రతిదానికీ తెరిచే వేళ, మూసే వేళ. అంత బలవంతుల కోసం కూడా నిర్వాహకులు ఆగే చోట్లను ముందే నిర్ణయిస్తారు. పైగా అది రెండ్రోజుల పరీక్ష. మూడో రోజు పొద్దున లేచి మళ్లీ ఎక్కాల్సిన పని లేదు.

ఇన్ని చెప్పాక పెద్ద రోడ్డును పూర్తిగా వదలమని కాదు. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా దాదాపు 125 కిలోమీటర్లు. అక్కడ పదహారో నంబరుకు సాటివచ్చే తీరపు దారి లేదు, రైలు పక్కనే ఉంది, సింగరాయకొండ, కావలి వంటి ఊళ్లు మధ్యలో ఉన్నాయి. ఇదే సూత్రంతో చూస్తే అక్కడ నీలం గీతే సరైన దారి. దాన్ని ఒకే రోజులో తొక్కాలని ముందే రాసిపెట్టుకోనక్కర్లేదు. ఇంట్లో వాళ్లకిచ్చే కాగితం మీద ఆ రోజుకు రెండు పేర్లు రాయాలి, రెండు లాడ్జీల ఫోన్ నంబర్లతో సహా: కావలి, నెల్లూరు. ఏది ఖాయమో ఆ పూట గాలిని బట్టి కావలిలో భోజనం దగ్గర తేల్చుకుని, ఇంటికి ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది.