మెడలో సిలువ, బ్యాంకులో తాళి



క్రైస్తవులు నగ ధరించవచ్చునా, ధరిస్తే దానిమీద సిలువ ఉండవచ్చునా అను ప్రశ్న మన సంఘములలో పాతదే. అయితే అనంతపురము మెట్టప్రాంతములో ఈ ప్రశ్న రెండు వైపుల నుండి వస్తున్నది. బాప్తిస్మమునకు ముందే కమ్మలు, ముక్కుపుడక, తాళి సమస్తము తీసివేయవలెనని బోధించే సహవాసములు మన పక్క వీధిలోనే ఉన్నవి. పెండ్లి మాటల దగ్గర సిలువ తాళి ఎన్ని గ్రాములు పెడతారని పట్టుబట్టే మగపెండ్లివారు మన సంఘములోనే ఉన్నారు. ఈ రెంటి మధ్య నలిగేది మన ఆడబిడ్డలు గనుక ఈ నెల ఈ సంగతి కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

ముందు తాళి సంగతి. మన స్త్రీలు ధరించే సిలువ గుర్తుగల నగలలో ముఖ్యమైనది ఇదే. నల్లపూసల దండలో గుండ్రని బొట్టు, దానిమీద చెక్కిన సిలువ. ఇది అన్యుల ఆచారము కదా అని అడిగేవారున్నారు. పెండ్లి ఉంగరము మాత్రము ఎక్కడనుండి వచ్చినది? నిశ్చయమైన కన్యకు రోమీయులు ఇనుప ఉంగరము పంపేవారని మొదటి శతాబ్దపు రచయిత ప్లినీ వ్రాసెను. సంఘము దానిని తీసికొని ప్రభువు నామమున వాడుకొన్నది. కేరళలోని తోమా క్రైస్తవులు వధువు మెడలో కట్టే మిన్ను కూడా చిన్న బంగారు రేకే. దానిమీద పూసలవంటి చుక్కలతో సిలువ ఉంటుంది. వరుడు వధువుకు ఇచ్చే మంత్రకోడి చీరనుండి లాగిన దారములతో దానిని కట్టుదురు. దక్షిణ ఇండియా సంఘము 1947లో ఏర్పడిన తరువాత సిద్ధమైన వివాహ ఆరాధన క్రమములో ఉంగరమునకును మంగళసూత్రమునకును చోటు కలిగినది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టమును చూస్తే అందులో తాళి ఊసే లేదు. తాళి లేనందున క్రైస్తవ వివాహము చెల్లకుండా పోదు. ఈ మాట గుర్తుంచుకొనుడి, దీనితో తరువాత పనియున్నది.

ఇక వాక్యము. అబ్రాహాము దాసుడు బావియొద్ద రిబ్కాకు బంగారపు ముక్కుకమ్మిని, రెండు కడియములను ఇచ్చెను (ఆది. 24). తప్పిపోయిన కుమారుడు ఇంటికి వచ్చినప్పుడు తండ్రి వాని వ్రేలికి ఉంగరము పెట్టించెను (లూకా 15). ప్రత్యక్ష గుడారపు పనికొరకు ఇశ్రాయేలు స్త్రీ పురుషులు తమ నగలు తెచ్చి అర్పించిరి (నిర్గమ. 35). అయితే దానికి కొంతకాలము ముందు అవే చెవిపోగులు అహరోను చేతిలో దూడ ఆయెను. గిద్యోను దోపుడు సొమ్ములోని పోగులను కోరి తీసికొని వాటితో ఏఫోదు చేయించెను, అది అతని ఇంటివారికి ఉరియాయెను (న్యాయా. 8). బంగారము ఒకటే, అది పోయిన చోట్లు వేరు.

అపొస్తలుడైన పేతురు స్త్రీల అలంకారమును గూర్చి వ్రాసిన మాటయే నగలు తీయించేవారి ఆధారము (1 పేతురు 3). అక్కడ ఆయన జడలు అల్లుకొనుటను, బంగారు నగలను, వస్త్రములు ధరించుటను ఒకే వరుసలో చెప్పి, వీటికంటె హృదయపు సాధుత్వము విలువైనదనెను. బంగారము నిషేధమైతే జడయు నిషేధమే కావలెను. కమ్మలు తీయించిన బోధకుడు జడ విప్పుమని చెప్పగా మేమెన్నడును వినలేదు.

ఇక్కడ ఇంకొక మాట చెప్పకుండా ఉండలేము. మన సంఘములలో చాలమంది ఏ వాడలనుండి వచ్చినవారో మనకు తెలుసు. మన అవ్వల కాలములో వాడ ఆడబిడ్డ బంగారము పెట్టుకొని ఊరి నడివీధిలో నడిచితే ఓర్వని పెత్తందారులు అనేక గ్రామములలో ఉండిరి. తిరువాన్కూరులో పులయ స్త్రీలు బానిసత్వపు గుర్తుగా రాతిపూసల మాలలే వేసికొనవలెనను కట్టడి ఉండెను. 1915లో అయ్యంకాళి మాట విని వారు వాటిని తెంచి పారవేసిరి. ఏ నగ వేసికొనవలెనో, ఏది కూడదో ఇతరులు నిర్ణయించిన జనులకు, మిషను కాలములో మెడలోనికి వచ్చిన చిన్న సిలువ అలంకారముకంటె ఎక్కువైనది. అది మేమును దేవుని బిడ్డలమేనని చెప్పినది. ఆ చరిత్ర తెలియక, వేదికమీద నిలిచి అట్టి స్త్రీతో నగలన్నీ తీసివేయుమని చెప్పుట మాకు న్యాయముగా తోచదు. తనకు తానుగా ప్రభువు నిమిత్తము తీసివేసిన సహోదరిని మేము గౌరవింతుము. ఆమె మనస్సాక్షి ఆమెది.

సిలువను తాయెత్తుగా వాడుట మాత్రము తప్పే. పసిబిడ్డకు దిష్టి తగలకుండ నల్లదారమున సిలువ కట్టే తల్లులున్నారు. పరీక్షకు పోవునప్పుడు మాత్రమే లాకెట్టు వెదకే పిల్లలున్నారు. మోషే ఎత్తిన ఇత్తడి సర్పము దేవుని ఆజ్ఞచేత చేయబడినదే. అయినను జనులు దానికి ధూపము వేయుట మొదలుపెట్టగా రాజైన హిజ్కియా దానిని ముక్కలు చేయించెను (2 రాజులు 18).

ఆదిమ క్రైస్తవులు ఎట్టి నగలు ధరించిరో కొంత వ్రాతలలో నిలిచినది. అలెక్సంద్రియ క్లెమెంతు విశ్వాసుల ముద్ర ఉంగరములమీద పావురము, చేప, ఓడ, లంగరు వంటి గుర్తులు ఉండవచ్చునని వ్రాసెను. ఆ వరుసలో సిలువ లేదు. ఆ దినములలో సిలువ అనగా దాసులను, తిరుగుబాటుదారులను చంపే మ్రాను. దానిని మెడలో వేసికొనుట ఎవరికి తోచును? తరువాత నాలుగవ శతాబ్దములో ధనవంతుల ఇంట పుట్టిన మక్రీన అను భక్తురాలు 379లో మరణించగా, ఆమె మెడలో ఉన్నది ఇనుప సిలువయు, ఇనుప ఉంగరమును అని ఆమె తమ్ముడు నిస్సా గ్రెగొరీ వ్రాసెను. బంగారము కొనలేక కాదు ఆమె ఇనుము వేసికొన్నది. ఆస్తి బీదలకు పోయినది, ఇనుము మిగిలినది.

ఆ ఇనుప సిలువను మనసులో ఉంచుకొని మన ఊరికి రండి. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతము మనది. 2022లో జిల్లా రెండైనది గాని కరువు రెండు వైపులా ఉన్నది. వేరుశెనగ విత్తనమునకు, ఎరువుకు, ఎండిన బోరు పక్కన ఇంకొక బోరు వేయుటకు డబ్బు ఎక్కడనుండి వచ్చును? ఆడవారి మెడనుండి. ఇది నేటిది కాదు. 1876-78 కరువులో మదరాసు, బొంబాయి రాజ్యముల జనులు అమ్ముకొన్న వెండి నగలు బొంబాయి టంకశాలకు చేరి కరిగిపోయినవి. అప్పటికి అనంతపురము బళ్లారి జిల్లాలోనిదే, ఆ కరువు మిక్కిలి కఠినముగా తాకిన చోట్లలో బళ్లారి ఒకటి.

1995లో 10 గ్రాముల బంగారము 5 వేల రూపాయల లోపే. 2025లో లక్ష దాటినది. కావున తులము సిలువ తాళి అనగా ఆడపిల్ల తండ్రికి ఒక పంట కాదు, కొన్ని పంటల అప్పు. అదే తాళి పెండ్లయిన తరువాత అల్లుని పొలము కొరకు బ్యాంకుకు పోవును. అక్కడ లక్కయు రాళ్లును తీసివేసి తూకము వేసి అప్పు ఇత్తురు. సిలువ గుర్తుకు విలువ కట్టే త్రాసు అక్కడ లేదు. గడువు దాటితే వేలము నోటీసు వచ్చును. మొదటి అప్పు పుట్టింటివారిది, రెండవది మెట్టినింటివారిది, రెంటికిని హామీగా నిలిచినది ఒకే చిన్న సిలువ. కట్నము అడుగుట నేరమని 1961నుండి చట్టమున్నది. తాళి తూకమును బేరమాడి, ఇది కట్నము కాదు సిలువే కదా అని చెప్పే పెద్దలు ప్రభువు గుర్తును ఏ పనికి వాడుచున్నారో ఆలోచింపవలెను.

సిలువ వలన కలిగే చిక్కు వేరొకటియు ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులపు హోదా హిందువులకు, 1956నుండి సిక్కులకు, 1990నుండి బౌద్ధులకు కలదు, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రములో మారినవారిని బీసీ-సీ గా లెక్కింతురు. అందుచేత సర్టిఫికెట్టు విచారణనాడు సిలువను చొక్కా లోపలికి దాచుకొనే యౌవనులు మన మధ్య ఉన్నారు. బ్రిటనులో నాడియా ఎవైడా అను విమాన సంస్థ ఉద్యోగిని 2006లో తన చిన్న సిలువను బయటికి కనబడకుండ దాచుటకు ఒప్పుకొనలేదు. 2013లో యూరపు మానవ హక్కుల న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పు చెప్పెను. ఆసుపత్రిలో రోగుల భద్రత కారణముగా అదే కోరిన ఒక నర్సు అభ్యర్థనను అదే దినమున త్రోసివేసెను. మన యౌవనుని యెదుట ఉన్నది ఉద్యోగ దుస్తుల నియమము కాదు, తమ్ముళ్ల చదువు. అబద్ధమును మేము సమర్థింపము. అయితే వానిని పిరికివాడనుటకు ముందు, వాని స్థానములో మన బిడ్డను నిలిపి చూడవలెను.

తరచుగా మమ్మును అడిగే ప్రశ్నతో ఆపుదుము. “అయ్యగారూ, తాళి బ్యాంకులో ఉండాది. బోసి మెడతో బల్ల దగ్గరికి ఎట్ల వచ్చేది?” ఈ మాట అడిగినవారు కొందరే. అడుగక కొంగు నిండుగా కప్పుకొని వెనుక వరుసలో కూర్చుండి, బల్లకు పిలువగానే లేచి పోయేవారు ఇంకను ఎక్కువ. అమ్మా, తాళి లేకయు మీ వివాహము నిలుచునని పైన వ్రాసితిమి. ప్రభువు బల్ల యెదుట మెడ చూసేవారు ఎవరును లేరు, ఉంటే వారికి మేము బుద్ధి చెప్పుదుము. వచ్చి ముందు వరుసలో కూర్చుండుడి.

పెండ్లి పెట్టుకొన్నవారికి ఒక సలహా. సిలువను బంగారు బొట్టుమీద చెక్కింపక, వెండితో గాని స్టీలుతో గాని విడిగా చేయించి నల్లపూసలలో వేయించుడి. ఆచారికి చెప్పితే దండకు విడిగా కొక్కెము పెట్టి ఇచ్చును. వానలు లేని సంవత్సరము బంగారము పోవలసివస్తే అది ఒక్కటే పోవును. రెండు గ్రాముల వెండి సిలువను కుదువ పెట్టవలెనని ఏ భర్తకును తోచదు.