జీతము ముగిసిన పిమ్మట

క్రీడాకారుని సంపాదనను లెక్కించువారు సామాన్యముగా ఆతడాడిన సంవత్సరములను, అందుకొనిన జీతమును చూచి ఊరకుందురు. ఆ లెక్క చొప్పున, అమెరికాలో వృత్తి బాస్కెట్‌బాల్‌ను 12 సీజన్ల పాటు ఆడిన జూనియర్ బ్రిడ్జ్‌మన్ గొప్ప ధనికుడు కాజాలడు. ఆతని వార్షిక వేతనము మూడున్నర లక్షల డాలర్ల మేరకే పరిమితమైనది. అయినను 2025 మార్చి 11న లూయీవిల్ నగరమున ఆతడు కన్నుమూయునాటికి ఆతని ఆస్తి వందకోట్ల డాలర్లను మించినదని ఫోర్బ్స్ పత్రిక అంచనా కట్టెను.

ఇండియానా రాష్ట్రమున ఈస్ట్ షికాగో పట్టణమందు, 1953లో, ఉక్కు కర్మాగారమున పనిచేయు తండ్రికి జన్మించి, 1971లో ఓటమి యెరుగని పాఠశాల జట్టుతో రాష్ట్ర విజేతయై, లూయీవిల్ విశ్వవిద్యాలయమున చదివిన ఈతనిని 1975లో లాస్ ఏంజిలస్ లేకర్స్ జట్టు ఎన్నుకొనెను. ఎన్నుకొనినదే గాని ఆడించుకొనలేదు. కరీం అబ్దుల్-జబ్బార్‌ను పొందుటకై ఇచ్చిన నలుగురిలో ఒకనిగా ఈతనిని మిల్వాకీ బక్స్ జట్టునకు పంపివైచెను. సరకు చేతులు మారినట్లు మనిషి చేతులు మారుట నాటి పద్ధతి.

మిల్వాకీలో ఆతడు తరచుగా ఆట నడుమ బరిలోనికి దిగువాడు. ఆ జట్టు తరపున 711 ఆటలాడి చిరకాలము నిలిచిన రికార్డును నెలకొల్పెను. ఆతడు ధరించిన 2వ సంఖ్యను 1988లో జట్టు శాశ్వతముగా విరమింపజేసెను.

ఆటలు లేని మాసములలో ఆతడు వెండీస్ అను హాంబర్గర్ దుకాణములలో పని నేర్చుకొనెను. రొట్టె అంచులు దాటి మూలలు వెలికి పొడుచుకువచ్చు చదరపు మాంసపు బిళ్ళ ఆ సంస్థ ముద్ర; ఒక్కొక్క రొట్టెపై మిగులునది స్వల్పమే గనుక, పెనము చెంతనో గల్లాపెట్టె చెంతనో జరుగు చిన్న ఏమరుపాటు సైతము ఆ లాభమును హరించును. ధనము పెట్టి ఫలితమునకై దూరమున వేచియుండు యజమానికి ఈ సంగతి తెలియదు. ఈతనికి తెలిసెను. అయిదు దుకాణములతో ఆరంభించి, కాలక్రమమున 160కి పైగా వెండీస్‌లను, నూరింటికి పైగా చిలీస్ భోజనశాలలను నడిపి, 2016లో వానిని విక్రయించి, పిమ్మట కోకా-కోలా బాట్లింగ్ వ్యాపారమును చేపట్టెను. 2020లో దివాలా తీసిన ఎబొనీ, జెట్ పత్రికలను కోటీ నలుబది లక్షల డాలర్లకు కొనెను. 2024లో బక్స్ జట్టుననే పదవ వంతు వాటాను పొందెను.

ఇంత సంపదను వర్ణించువారు ఆతని మరియొక పనిని ఒక్క వాక్యమున దాటివేయుట నాకు అన్యాయముగా తోచును. 1985 నుండి క్రీడాకారుల సంఘమునకు అధ్యక్షుడైన ఆతడు, కొత్తవారిని జట్లు పంచుకొను పద్ధతిని, జీతములపై పరిమితిని, ఒప్పందము ముగిసినను ఆటగానిని పాతజట్టు నిలుపుకొను హక్కును ప్రశ్నించుచు, 1987లో తన పేరిటనే లీగ్‌పై వ్యాజ్యము వేసెను. మరుసటి యేట కుదిరిన రాజీ వలన, నిర్ణీత కాలము ఆడిన అనుభవజ్ఞులకు ఒప్పందము తీరగనే తమకు నచ్చిన జట్టునకు పోవు స్వేచ్ఛ లభించెను. అప్పటికే ఆట చాలించిన బ్రిడ్జ్‌మన్ దానిని అనుభవింపలేదు. ఆ వేసవిలోనే టామ్ చాంబర్స్ సియాటిల్ జట్టును వీడి, ఎవరి అనుమతియు కోరక, తానే ఎంచుకొనిన ఫీనిక్స్ జట్టులో చేరెను. ఆ స్వేచ్ఛను వినియోగించుకొనిన తొలి క్రీడాకారుడు ఆతడే.