మరణించిన నటుడికి మళ్లీ వేషం.. ఒప్పుకోవాల్సిందెవరు?

* కంప్యూటర్ సాయంతో తెరపైకి తిరిగొస్తున్న దివంగతులు
* చట్టంలో స్పష్టత కరవు.. వారసుల సంతకమే దిక్కు
* పెద్ద నటులకు న్యాయవాదులున్నారు.. చిన్న నటుల మాటేమిటి?

నల్లగొండ: ఎన్టీ రామారావు విషయంలో దక్షిణ తెలంగాణ రెండు తీర్పులు చెప్పింది. 1985 శాసనసభ ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు ఆయనను గెలిపించారు. 1989లో కల్వకుర్తి ఓటర్లు ఆయనను కాదని కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్‌దాస్‌కు పట్టం కట్టారు. ఆయన ఎదుట నిలబడి ఓటు అడిగారు, జనం తమకు తోచిన జవాబు చెప్పారు. 1996 జనవరి 18న ఆయన కన్నుమూశారు. పదకొండేళ్ల తర్వాత 2007లో విడుదలైన ‘యమదొంగ’ చిత్రంలో దర్శకుడు రాజమౌళి ఆయన రూపాన్ని గ్రాఫిక్స్‌తో తెరపైకి తెచ్చారు. మనవడు జూనియర్ ఎన్టీఆర్ నటించిన ఆ చిత్రంలో తాతను చూసి థియేటర్లలో ఈలలు మోగాయి. 2025 మే నెలలో కడపలో జరిగిన తెలుగుదేశం మహానాడులో కృత్రిమ మేధ సాయంతో ఆయన చేత ప్రసంగమే చేయించారు.

సినిమాలో చూపినా, సభలో చూపినా రామారావు అక్కడ లేరు. ఆయన ముఖం, గొంతు మాత్రమే ఉన్నాయి. మరణించిన నటుడిని ఇలా తిరిగి నటింపజేయవచ్చా, అందుకు ఎవరు ఒప్పుకోవాలి అన్న ప్రశ్న ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా చిత్ర పరిశ్రమలను వేధిస్తోంది. తెలుగువారి ముంగిటికీ అది ఇప్పటికే వచ్చింది.

ఎలా తయారు చేస్తారు?

నటుడు చిత్రీకరణ మధ్యలో మరణిస్తే పూర్వం దర్శకులకు మూడు దారులుండేవి. పాత్రను కుదించడం, వెనుక నుంచి డూప్‌ను చూపించడం, మిమిక్రీ కళాకారుడితో డబ్బింగ్ చెప్పించడం. గ్రాఫిక్స్ వచ్చాక పాత చిత్రాల్లోని దృశ్యాల నుంచి నటుడి బొమ్మను వేరు చేసి కొత్త దృశ్యంలో అతికించడం మొదలైంది. తర్వాతి దశలో డూప్ చేత నటింపజేసి, అతని తల స్థానంలో కంప్యూటర్‌లో తయారు చేసిన ముఖాన్ని అమర్చడం సాధ్యమైంది.

కృత్రిమ మేధ ఈ పనిని మరింత సులభం చేసింది. నటుడి పాత ఫొటోలను, వీడియోలను కంప్యూటర్‌కు అందిస్తే ముఖ కవళికలను అది నేర్చుకుంటుంది. పాత రికార్డింగులను వినిపిస్తే గొంతును అనుకరిస్తుంది. ఒకప్పుడు పెద్ద స్టూడియోలు నెలల తరబడి చేసిన పనిని ఇప్పుడు చిన్న బృందం కూడా చేయగలుగుతోంది. ఖర్చు తగ్గేకొద్దీ వాడేవారు పెరుగుతారు, అడగకుండా వాడేవారూ పెరుగుతారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మన దర్శకుడే ముందు

దివంగత నటుడిని ప్రచార ఆకర్షణగా నిలిపిన చిత్రాల్లో ‘నాగరహావు’ ఒకటి. కన్నడ అగ్రనటుడు విష్ణువర్ధన్ 2009 డిసెంబర్ 30న మరణించారు. తెలుగు దర్శకుడు కోడి రామకృష్ణ ఆయన రూపాన్ని కంప్యూటర్‌లో సృష్టించి 2016 అక్టోబర్‌లో ఆ చిత్రాన్ని ప్రేక్షకుల ముందుకు తెచ్చారు. హైదరాబాద్‌కు చెందిన మకుట సంస్థ గ్రాఫిక్స్ అందించింది. తెలుగులో అదే ‘నాగభరణం’గా విడుదలైంది.

అదే ఏడాది హాలీవుడ్ చిత్రం ‘రోగ్ వన్’లో 1994లో మరణించిన పీటర్ కుషింగ్‌ను మళ్లీ చూపించారు. అంతకు ముందు 2015లో ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ ఏడో భాగంలో పాల్ వాకర్‌ను ఇలాగే చూపినా ఆ సందర్భం వేరు. వాకర్ చిత్రీకరణ సాగుతుండగానే 2013 నవంబర్‌లో ప్రమాదంలో మరణించారు. మిగిలిన సన్నివేశాలను ఆయన సోదరులను డూపులుగా నిలిపి పూర్తి చేశారు. తమిళ చిత్రం ‘ది గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్’లో విజయకాంత్‌ను 2024లో కృత్రిమ మేధతో చూపించారు. ఆయన మరణించి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. దానికి కుటుంబం సమ్మతించింది.

గొంతుపై రగడ

ముఖం కంటే ముందు గొంతు విషయంలోనే తెలుగునాట వివాదం లాయర్ నోటీసు దాకా వెళ్లింది. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబర్ 25న మరణించారు. 2023 నవంబర్‌లో విడుదలైన ‘కీడా కోలా’ చిత్రంలో తమ అనుమతి లేకుండా ఆయన గొంతును కృత్రిమ మేధతో పునఃసృష్టించారని ఆరోపిస్తూ, కుమారుడు ఎస్పీ చరణ్ చిత్ర నిర్మాతలకు, సంగీత దర్శకుడికి లీగల్ నోటీసు పంపారు. 2024 ఆరంభంలో ఈ విషయం వెలుగులోకి వచ్చింది. సాంకేతికతకు తాము వ్యతిరేకం కాదని, తమకు తెలియకుండా చేయడమే బాధించిందని కుటుంబం పేర్కొంది.

దాదాపు అదే సమయంలో ఏఆర్ రెహమాన్ ‘లాల్ సలామ్’ చిత్రంలోని ఒక పాటకు దివంగత గాయకులు బంబా బక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను ఇదే పద్ధతిలో వాడారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం చెల్లించామని ఆయన బహిరంగంగా ప్రకటించారు. సాంకేతికత రెండు చోట్లా ఒకటే. ముందుగా అడగడం, ప్రతిఫలం ఇవ్వడం, ఆ సంగతి జనానికి చెప్పడం అన్న మూడు విషయాలే ఒకదాన్ని గౌరవంగా, మరొకదాన్ని వివాదంగా మార్చాయి.

చట్టం ఏమంటోంది?

జీవించి ఉన్న నటులకు న్యాయస్థానాలు అండగా నిలుస్తున్నాయి. పేరు, రూపం, గొంతులను అనుమతి లేకుండా వాడరాదంటూ ఢిల్లీ హైకోర్టు 2022లో అమితాబ్ బచ్చన్‌కు, 2023లో అనిల్ కపూర్‌కు, 2025లో నాగార్జునకు రక్షణ కల్పించింది. 2025 సెప్టెంబర్‌లో చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు ఇదే విధమైన మధ్యంతర ఉత్తర్వులిచ్చింది.

మరణానంతరం పరిస్థితి మారుతోంది. జయలలిత జీవితంపై తీసిన చిత్రాన్ని ఆమె మేనకోడలు సవాలు చేసిన కేసులో, వ్యక్తి గోప్యత, ప్రతిష్ఠ ఆస్తుల మాదిరిగా వారసులకు సంక్రమించవని 2021లో మద్రాసు హైకోర్టు అభిప్రాయపడింది. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ జీవితంపై వచ్చిన చిత్రాన్ని ఆయన తండ్రి అడ్డుకోజూడగా, ఆ హక్కులు సుశాంత్‌తోనే ముగిశాయని 2023లో ఢిల్లీ హైకోర్టు పేర్కొంది. ఆ రెండు వివాదాలూ జీవిత కథలకు సంబంధించినవి. మరణించిన వ్యక్తి ముఖాన్నే తెచ్చి కొత్త పాత్ర వేయించడం అంతకంటే చాలా దూరం వెళ్లిన పని. అయినా ఆ తీర్పులే నేడు వారసులకు అడ్డుగోడగా నిలిచే అవకాశం ఉంది.

కాపీరైట్ చట్టం సినిమాపై ప్రధాన హక్కును నిర్మాతకు ఇస్తుంది. పాత చిత్రంలోని దృశ్యం వాడాలంటే నిర్మాత అనుమతి కావాలి. నటుడి ముఖాన్ని కొత్తగా సృష్టిస్తే ఎవరిని అడగాలో చెప్పే ప్రత్యేక నిబంధన మన చట్టంలో లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1985లోనే మరణించిన ప్రముఖుల రూపంపై వారసులకు హక్కు కల్పించింది. దివంగత నటుల డిజిటల్ ప్రతిరూపాలకు వారసుల సమ్మతి తప్పనిసరి చేస్తూ 2024లో మరో చట్టం తెచ్చింది. హాలీవుడ్ నటులు 2023లో 118 రోజుల పాటు సాగించిన సమ్మెలో డిజిటల్ ప్రతిరూపాల అంశం ప్రధాన డిమాండ్లలో ఒకటి.

వారసుల సంతకం చాలునా?

కుటుంబం ఒప్పుకుంటే చాలునన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. కాస్త ఆలోచిస్తే లోటు కనిపిస్తుంది. ఏ కథ ఒప్పుకోవాలి, ఏ కథ వద్దనాలి, ఏ సంభాషణ ఎలా పలకాలి అన్న నిర్ణయాల వల్లే నటుడికి ఆ పేరు వచ్చింది. కుమారుడికి ఇల్లు, పొలం వారసత్వంగా వస్తాయి. తండ్రి విచక్షణ రాదు. వారసుల్లో ఒకరు సరేనని, మరొకరు వద్దంటే ఎవరి మాట చెల్లాలో తేల్చడం ఇంకా కష్టం.

అందుకే పూర్తికాని సినిమాను ముగించడానికీ, కొత్త సినిమాకు వాడుకోవడానికీ తేడా చూడాలి. మొదటి దాంట్లో నటుడు కథ విన్నాడు, ఒప్పుకున్నాడు, కొంత నటించాడు. మిగిలింది పూర్తి చేస్తే ఆయన కోరిక నెరవేర్చినట్లే అనుకోవచ్చు. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబర్‌లో హఠాత్తుగా మరణించగా, ‘జేమ్స్’ చిత్రంలో ఆయన పాత్రకు సోదరుడు శివరాజ్‌కుమార్ డబ్బింగ్ చెప్పారు. తర్వాత సాంకేతికత సాయంతో పునీత్ గొంతునే జోడించి 2022 ఏప్రిల్‌లో చిత్రాన్ని మళ్లీ ప్రదర్శించారు. అది ఆయన నటించిన చిత్రమే కావడంతో అభిమానులు ఆదరించారు. కొత్త కథలో వేషం వేయించినప్పుడు ఇలాంటి ఆధారమేదీ ఉండదు.

అక్కినేని నాగేశ్వరరావు అనారోగ్యంతో ఉండి కూడా తన చివరి చిత్రం ‘మనం’లోని పాత్రకు ఇంటి వద్దే డబ్బింగ్ చెప్పి 2014 జనవరిలో కన్నుమూశారు. తన పాత్రకు తన గొంతే ఉండాలని నటుడు ఎంతగా తపిస్తాడో దీన్నిబట్టి అర్థమవుతుంది. హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ మరో విధంగా జాగ్రత్తపడ్డారు. 2014లో ఆయన మరణించాక, తన రూపాన్ని 25 ఏళ్ల పాటు వాడరాదని ముందే రాసి ఉంచినట్లు వెల్లడైంది. జవాబు చెప్పగలిగిన వ్యక్తి బతికుండగానే చెప్పడం వల్ల ఆయన కుటుంబానికి సందిగ్ధం తప్పింది.

మన నటుల మాటేమిటి?

అగ్రనటుల కుటుంబాలకు న్యాయవాదులుంటారు, నోటీసులు పంపగలుగుతారు. ఈ ప్రాంతం నుంచి వెళ్లిన కళాకారుల్లో అందరికీ ఆ స్తోమత లేదు. కోదాడ సమీపంలోని గుడిబండలో పుట్టిన కాంతారావు జానపద చిత్రాల కథానాయకుడిగా ‘కత్తి’ కాంతారావు అనిపించుకున్నారు. ‘లవకుశ’లో లక్ష్మణుడిగా, పలు చిత్రాల్లో నారదుడిగా ప్రేక్షకుల మదిలో నిలిచారు. నిర్మాతగా మారి నష్టపోయి, చివరి దశలో ఆర్థిక ఇబ్బందులు పడి 2009 మార్చిలో మరణించారు. రేపు ఎవరైనా ఆయన రూపంతో కొత్త జానపదం తీసి లాభాలు గడిస్తే, అందులో కుటుంబానికి భాగం ఇవ్వాలని చెప్పే స్పష్టమైన నిబంధన లేదు.

తుంగతుర్తి ప్రాంతం నుంచి వెళ్లిన డాక్టర్ ఎం.ప్రభాకర్‌రెడ్డి సినీ కార్మికుల ఇళ్ల కోసం భూమి ఇచ్చిన నటుడు. హైదరాబాద్‌లోని చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టారు. పేరు వచ్చిన వీరి పరిస్థితే ఇలా ఉంటే, ఒకటి రెండు సన్నివేశాల్లో కనిపించే చిన్న నటులు, జూనియర్ ఆర్టిస్టులు, డబ్బింగ్, మిమిక్రీ కళాకారుల సంగతి చెప్పనక్కర్లేదు. మరణించిన వారికి వేషాలిస్తూ పోతే బతికున్న వారికి దక్కాల్సిన అవకాశమూ తగ్గుతుంది.

ఓటు అడిగితే..?

తెలుగునాట సినిమాకూ రాజకీయానికీ మధ్య గోడ పలుచన. తమిళనాడులో 2018లో మరణించిన కరుణానిధి 2024 జనవరిలో కృత్రిమ మేధతో ఒక కార్యక్రమంలో ప్రసంగించారు. తర్వాత జయలలిత గొంతునూ ఆమె పార్టీ వినిపించింది. బతికున్న నాయకుడు మాట తప్పితే నిలదీయవచ్చు, ఓడించవచ్చు. కల్వకుర్తి చేసింది అదే. మరణించిన నాయకుడి చేత పలికించిన మాటకు జవాబుదారీ ఎవరూ ఉండరు. చూసేవారికి అది కల్పితమని చెప్పకపోతే మోసం కిందికే వస్తుంది.

చేయాల్సిందేమిటి?

చట్టం వచ్చేదాకా ఆగకుండా పరిశ్రమ చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తమ రూపం, గొంతు మరణానంతరం వాడవచ్చో లేదో, ఎలాంటి పాత్రలకు వాడరాదో నటులు బతికుండగానే రాసివ్వాలి. ఆ కాగితం ఉంటే వారసులు దాన్ని కాపాడే బాధ్యులవుతారు. అలాంటి కాగితం లేనప్పుడు, ఆ నటుడు ఒప్పుకున్న చిత్రాన్ని పూర్తి చేయడం వరకే పరిమితం కావాలి. సృష్టించిన దృశ్యమని తెరపై స్పష్టంగా చెప్పాలి. కుటుంబానికి, డూప్‌గా నటించిన కళాకారుడికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. ‘మా’ వంటి సంఘాలు సభ్యత్వ పత్రంతోనే ఇలాంటి అంగీకార పత్రాన్ని తీసుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు. గుడిబండ లాంటి ఊళ్ల నుంచి రేపు పరిశ్రమకు వెళ్లే యువకుడికి ఆ ఒక్క కాగితమే రక్ష.