మోటారు తడబడితే ముందు పెట్రోలును అనుమానించండి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మోటారు పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ఆ విరామం ఉండాల్సిందే. కానీ అన్నాళ్లూ తెప్ప వెనక బిగించిన చిన్న పెట్రోలు మోటారులో మిగిలిన ఇంధనం పాడవుతూనే ఉంటుంది. జూన్ 15న తాడు లాగితే మోటారు అందుకుంటుంది గానీ స్లోలో కొట్టుకుంటుంది, రేసిస్తే సర్దుకుంటుంది.

రెండు సిలిండర్ల 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారునే తీసుకుందాం. నిమిషానికి 5,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో సిలిండరులో సెకనుకు 83 సార్లు మంట పుడుతుంది. స్లోలో 900 చుట్లంటే 15 సార్లే. 83లో ఒకటి తప్పినా తెలియదు, 15లో ఒకటి తప్పితే హ్యాండిల్ పట్టుకున్న చేతికే తెలుస్తుంది. పైగా స్లోలో పెట్రోలు వెళ్లే జెట్టు రంధ్రం మిల్లీమీటరు కన్నా బాగా సన్నం. నిలవ పెట్రోలులో తేలిక భాగం ముందు ఆవిరైపోతుంది, మిగిలింది జిగురై ఆ రంధ్రంలోనే అడ్డుపడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం ఒడ్డున తేమకు కొదవేముంది!

అందుకే మోటారు ఎప్పుడు తడబడుతోందో చూడకుండా కార్బొరేటర్ స్క్రూ తిప్పడం తప్పు. స్లోలోనే అయితే చిన్న జెట్టును అనుమానించాలి. కాసేపు బాగా నడిచి, రేసులో నీరసించి ఆగిపోతుంటే ట్యాంకు మూత మీది గాలి మర బిగిసి ఉందేమో చూడండి. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి రాదు. మర తెరిచే ఉంటే, మోటారు నీరసించినప్పుడు పైపు మధ్య రబ్బరు బల్బును చేత్తో నొక్కండి. వెంటనే పుంజుకుంటే పైపు ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా ఇంధన పంపు బలహీనపడింది.

అన్ని వేగాల్లోనూ సగం బలమే ఉంటే ఒక సిలిండరు పనిచేయడం లేదని అర్థం. మోటారు ఆపి రెండు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టండి. లేత గోధుమ రంగైతే మంచిది. నల్లగా తడిగా ఉన్నదానికి స్పార్కు అందడం లేదు, లేదా పెట్రోలో ఆయిలో ఎక్కువైంది. తెల్లగా ఉంటే ప్రమాదం: పెట్రోలు చాలడం లేదు, దాంతోపాటు వెళ్లాల్సిన ఆయిలూ చాలడం లేదు. అలా నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. నడుస్తున్న మోటారు ప్లగ్గు వైరు మాత్రం చేత్తో లాగకండి.

ఆయిల్ కొలతకు అంచనా పనికిరాదు. ఎక్కువ మోడళ్లకు 50:1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 10 లీటర్ల ట్యాంకుకు 200. మీ మోడల్ పుస్తకం వేరుగా చెబితే అదే పాటించండి.

ఇవన్నీ చూశాకే మెకానిక్కు చేత కంప్రెషన్ కొలిపించండి. ఒక సిలిండరు 100 చూపిస్తే రెండోది 85 కన్నా దిగకూడదు. దిగితే రింగుల అరుగుదల, ఇంట్లో తేలే పని కాదు. కార్బొరేటర్ కడగడం మాత్రం ఇంట్లో చేసుకోవచ్చు. జెట్టులో ఇనుప తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై కొత్త తడబాటు మొదలవుతుంది, క్లీనర్ కొట్టి గాలి ఊదితే చాలు.

నిషేధం మొదలయ్యేలోగా ఒక చిన్న పని చేయండి. మోటారు కింది భాగాన్ని నీళ్ల డ్రమ్ములో ముంచి, పెట్రోలు పైపు విప్పేసి, దానంతటది ఆగేదాకా నడపండి. నీళ్లు లేకుండా నడిపితే చల్లబరిచే పంపులోని రబ్బరు రెక్కలు కాలిపోతాయి. ఆ తర్వాత కార్బొరేటర్ అడుగు మర విప్పి మిగిలిన చుక్కలూ దించేయండి. జూన్‌లో కొత్త పెట్రోలు పోసుకోండి, తెప్పలో రెండు కొత్త ప్లగ్గులు, వాటి పానా తప్పక ఉంచుకోండి.